మాటకి లైటు కావాలి

గత వారం మా ఉపాధ్యాయులకు ఒక శిక్షణ తరగతి జరిగింది. బయటి నుంచి వచ్చిన వక్త, ప్రొజెక్టరు వెలగగానే అలవాటు ప్రకారం "లైట్లు ఆర్పేయండి" అన్నారు. ఎవరో ఆర్పారు. నేను లేచి వెళ్లి మళ్లీ వేశాను. ఇందులో నా ఆలోచన ఏమీ లేదు. కాళ్లు వాటంతట అవే నడిచాయి, చెయ్యి దానంతట అదే స్విచ్చు వెతుక్కుంది. వక్త మర్యాదగానే అడిగారు: "ఎవరికైనా ఇబ్బందిగా ఉందా మేడం?" హాలంతా నా వైపు తిరిగింది. కళాశాల డిబేటు వేదికల మీద ఏ ప్రశ్ననూ జవాబు లేకుండా వదిలినదాన్ని కాను. ఆ రోజు మాత్రం వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఇబ్బంది ఎవరికో ఆమె ఆ హాల్లో లేదు. ఉండవలసింది.

"ఉండవలసింది" అన్న మాటను తూచే వాడుతున్నాను. ఆమె చనిపోలేదు. ఉక్కు కర్మాగారం ఊరు భిలాయికి కూతవేటు దూరంలో, చరోదా రైల్వే కాలనీలో, అదే క్వార్టర్లో ఉంది. ఫోనులో నేను పంపే సందేశాలు చదువుతుందని తెలుస్తుంది. జవాబు రాదు.

బి.ఎడ్.లో మేమిద్దరం ఒకే తరగతి. మొదటి రోజు ఆమె ఎక్కడ కూర్చుందో చూసి మాలో చాలామంది ఆశ్చర్యపోయారు. సరిగా వినపడని వాళ్లు ముందు బెంచీలో కూర్చోవాలని లోకం నమ్మకం. ఆమె ముందు బెంచీ వదిలేసి, దాని వెనక వరసలో గోడ పక్క చివరి చోటు పట్టింది. కారణం అడిగితే, "ముందు కూకుంటే సారు గడ్డం కనబడతాది. నాకు కావలిసింది మూతి" అంది. రెండో కారణం ఆమె చెప్పలేదు, మాకే అర్థమైంది. స్విచ్చుబోర్డు ఆ గోడకే ఉంది.

ప్రొజెక్టరు వెలిగితే లైటు ఆరేది. లైటు ఆరిన మరుక్షణం ఆమె చెయ్యి పైకి వెళ్లేది. తల తిప్పకుండా, క్షమించమని అడగకుండా, చెమట తుడుచుకున్నంత సహజంగా స్విచ్చు నొక్కేది. "లైటు, సర్." అంతే. తెర మీద అక్షరాలు వెలవెలబోయేవి. వెనక బెంచీల వాళ్లు గొణిగేవారు. ఆమెకు "బిజ్లీ బోర్డు", అంటే కరెంటాఫీసు, అని పేరు పెట్టారు. ఒక రోజు ఒకడు చాటుగా అన్నాననుకున్నాడు గానీ, చాటు అన్నది చెవులున్న వాళ్ల సంగతి. గది ఆ చివర నుంచి ఆమె వాడి మూతి చదివేసింది. "తేరా కనెక్షన్ కాట్ దూంగీ, భయ్యా", నీ కనెక్షన్ కోసేస్తానని, హిందీలోనే అంటించింది. మర్నాటి నుంచి వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు.

చెవిలో యంత్రం ఉండేది. దాని మీద ఆమెకు గౌరవం లేదు. "ఇది చప్పుడు పెంచుతాది, మాట పెంచదు" అనేది. బస్సులో, క్యాంటీనులో దాన్ని తీసి డబ్బాలో పెట్టేసేది. డిగ్రీ చదువుతున్నప్పటి నుంచి వినికిడి కొంచెం కొంచెంగా పోతోంది. ముందు పిట్టలు పోయాయట. తర్వాత వంటింట్లో కుక్కరు కూత. ఆ తర్వాత వాళ్ల అమ్మ గొంతు. ఈ వరస చెప్పేటప్పుడు ఆమె ముఖంలో దుఃఖం కనపడదు. ప్రయాణంలో దాటిపోయిన స్టేషన్ల పేర్లు చెప్పినట్టు చెప్పేది.

నాకు ఆమె పెట్టిన పేరు "డిబేటు". ఆ పేరు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ప్రజాస్వామ్యంలో అసమ్మతికి ఉన్న స్థానం గురించి నేను పాఠం చెప్పాలి. స్లైడులు స్వయంగా తయారు చేశాను. ఒక్కొక్కదానిలో వార్తాపత్రిక పేజీకి సరిపడా విషయం. తెల్లటి తెర మీద పసుపు రంగు శీర్షికలు. వాక్యాలు ఒక్కొక్కటీ ఎగిరి వచ్చి కూర్చునే ఏర్పాటు. నేను తెర వైపు తిరిగి, వాటిని ఆవేశంగా చదవడం మొదలుపెట్టాను. లైటు వెలిగింది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె నిలబడి ఉంది.

"ఏటి డిబేటూ, గోడతో గొడవేటి నీకు? మాతో మాటాడు."

తరగతి నవ్వింది. నేను పట్టు వదలలేదు. విరామంలో పట్టుకుని, స్లైడులో సమాచారం ఎందుకు సమగ్రంగా ఉండాలో మూడంచెలుగా వాదించాను. ఆమె శ్రద్ధగా నా మూతి చూసింది. అంతా అయ్యాక అడిగింది: "నాకున్నవి రెండు కళ్లు. ఒకటి నీ స్లైడు మీద, ఒకటి నీ మూతి మీద పెట్టమంటావా? మెల్లకన్నొస్తాది."

"మరి ఏం చెయ్యాలి?"

"సూపించు. ఊరుకో. అప్పుడు సెప్పు."

"మధ్యలో ఊరుకుంటే ఎలా? డిబేటులో మౌనమంటే ఓటమి."

"మా ఇంట్లో మౌనమంటే ఎవులో సదువుకుంటన్నారని."

ఆ సిద్ధాంతం ఆమె ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, ఇంట్లో పుట్టింది. చరోదాలో వాళ్ల క్వార్టరుకు మొదటిసారి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం. ముందు గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. మా సెక్టర్ 7 ఇంట్లో పగలు లైటు వేస్తే నాన్న కేక వేస్తారు కాబట్టి, నేను చొరవగా ఆర్పబోయాను. వాళ్ల అమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఉంచమ్మా. మా ఇంట్లో మాటకి లైటు కావాలి."

వాళ్ల నాన్నకూ వినపడదు. ఆయన యార్డులో పట్టాల మీద పనిచేసేవాడు. వెనక నుంచి వచ్చే బండి కూత వినపడటం లేదని వైద్యపరీక్షలో తేలాక ఆయన్ని లైను మీంచి తీసి సామాను గదిలో కూర్చోబెట్టారు. యార్డు రొద వల్ల అనుకున్నారు మొదట. కూతురికీ అదే మొదలయ్యాక డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఇది వాళ్ల వంశంలో ఉన్నది. ఆ ఇంట్లో ఎవరూ వీపు చూపిస్తూ మాట్లాడరు. అన్నం వడ్డిస్తున్న తల్లి ఒక మాట చెప్పాలంటే గరిటె ఆపి, ముఖం ఎత్తి, చెప్పి, మళ్లీ వడ్డిస్తుంది. తండ్రీ కూతుళ్లు కిటికీకి ఇటు ఒకరూ అటు ఒకరూ నిలబడి, గొంతు అక్కర్లేకుండా పోట్లాడుకోవడం నేను చూశాను. వీధిలో వెళ్లే వాళ్లకు ఆ పోట్లాట కొంచెం కూడా తెలియదు.

ఆమె స్లైడులకు మొదటి పరీక్షకుడు ఆయనే. ల్యాప్‌టాప్ ముందు గదిలో పెట్టి, ఆయన్ని వంటింటి గుమ్మంలో నిలబెట్టేది. ఆయన కళ్లజోడు తీసేసి చూడాలి. కనబడితే తల ఊపుతాడు. లేకపోతే మొహం చిట్లిస్తాడు. చిట్లించిన స్లైడులో సగం మాటలు వెంటనే పోయేవి. ఆమె స్లైడులో చివరికి మిగిలేది ఒక బొమ్మ, దాని కింద లావుపాటి నల్లటి అక్షరాలతో ఒక వాక్యం. ఎగిరి వచ్చేవి ఏవీ ఉండవు. బొమ్మలో ఏముందో ఆమె నోటితో కూడా చెప్పాల్సిందే. వేలు చూపించి "ఇది" అనడం ఆ ఇంట్లో నిషేధం. నేను ఒకసారి అలవాటున "ఇదుగో ఇక్కడ ఇది" అన్నాను.

"ఇది అంటే ఏటి?" అంది.

"కనపడుతోంది కదా."

"నాకు సెవుల్లేవని తెలుసు కాబట్టి నా ముందర మొకం తిప్పుకుని మాటాడవు. రేపు నీ క్లాసులో కళ్లు సరిగా కనబడని పిల్ల ఉంటే? అది నీకు సెప్పుకోదు. దానికి నీ 'ఇది' ఏటి తెలుస్తాది?"

తండ్రి ఈ సంభాషణంతా చదువుతున్నాడు. నా వైపు తిరిగి నవ్వాడు. "నన్ను లైను మీంచి దింపేసినారమ్మా. నా కూతురు క్లాసెక్కుతాది." ఆ మాట ఆయన ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియదు. పక్క క్వార్టరు వాళ్లు కూడా విని ఉంటారు. ఆమె మాత్రం నవ్వలేదు. తర్వాత బయట నాతో అంది: "సెవులు పూర్తిగా పోకముందే టీచరైపోవాలి డిబేటూ. అయిపోయాక పోతే పోనీ. అప్పుడు తీసెయ్యలేరు కదా?" ఆ ప్రశ్నకు న్యాయశాస్త్రం ప్రకారం నా దగ్గర జవాబుంది. చెప్పాను. ఆమె అడిగింది న్యాయశాస్త్రం కాదని, తను చూపు పక్కకు తిప్పుకున్నాక నాకు తెలిసింది.

ఆమె దగ్గర ఇంకొక ఆయుధం ఉండేది. వాదన నచ్చకపోతే కళ్లు మూసుకునేది. అంతటితో ఎదుటి మనిషి మూగవాడైపోయేవాడు. ప్రత్యేక ఏర్పాట్లు కోరుతూ కళాశాలకు దరఖాస్తు పెట్టమని నేను పోరిన రోజున అదే చేసింది. "దయ వద్దు" అంది. "ఇది దయ కాదు, హక్కు" అని మొదటి అంశం చెప్పి, రెండో అంశంలోకి వెళ్లేసరికి రెప్పలు దిగిపోయాయి. "ఇది అన్యాయం! ప్రతివాదం వినడం నీ ధర్మం!" అని అరిచాను. కాసేపటికి ఒక కన్ను మాత్రం తెరిచి, "ఏటో అన్నావా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నవ్వుకున్నాం.

చివరి బోధనా పరీక్ష సెక్టర్ 6లోని ఒక పాఠశాలలో, ఎనిమిదో తరగతికి. పాఠం, ఇనుము తుప్పు పట్టడం. ఇనుము మీద బతికే ఊరి పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఉండదు. అది దాటితేనే ఆమె టీచరు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు చివరి బెంచీలో కూర్చున్నారు. తోటి విద్యార్థినిగా పరిశీలన రాయడానికి నేనూ ఆ వరసలోనే ఉన్నాను. తెర వెలగగానే ఆయన సైగ చేశారు, ఎవరో లైట్లు ఆర్పారు. ఆమె చెయ్యి పైకి లేచి, స్విచ్చు వైపు కొంత వెళ్లి, ఆయన్ని చూసి ఆగిపోయింది. చెయ్యి కిందికి దిగింది. ఆమె లైటు వెయ్యకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అయినా అంత మంచి పాఠం నేను మళ్లీ వినలేదు. తెర మీద ఒక మేకు. "పొడి గాజు సీసాలో కొత్త మేకు. మెరుస్తోంది" అని హిందీలో చెప్పింది. ఊరుకుంది. పిల్లలు చదువుకున్నారు. తర్వాత వివరించింది. ఇంకొక మేకు, తడి సీసాలో, గోధుమ రంగు పొరతో. మళ్లీ చెప్పింది, మళ్లీ ఊరుకుంది. అలా ఊరుకున్న ప్రతిసారీ పరీక్షకుడు గడియారం చూసుకున్నారు. పిల్లలు మాత్రం తెర వైపు ఒంగి కూర్చున్నారు. గాలి, నీరు కలిస్తేనే తుప్పు అని చెప్పి, ప్రశ్నలడగమంది.

మధ్య వరసలో ఒక అమ్మాయి లేచింది. తెర వెలుగు ఆ పిల్ల ముఖం మీద పడుతోంది.

"దీదీ, భాప్ సే భీ జంగ్ లగ్తా హై క్యా?"

భాప్ అంటే ఆవిరి. ఆవిరి వల్ల కూడా తుప్పు పడుతుందా అని ఆ పిల్ల అడిగింది. తెలివైన ప్రశ్న. కానీ ప, బ, భ, మ, ఇవన్నీ పెదాలు కలిపి పలికేవి. చెవికి వేరు, కంటికి ఒకటే. భాప్ అన్నా బాప్ అన్నా మూతి ఒకలాగే కదులుతుంది. బాప్ అంటే తండ్రి. ఆమె చదివిన ప్రశ్న ఇది: "దీదీ, తండ్రి నుంచి కూడా తుప్పు పడుతుందా?"

ఆమె కొంచెం ఆలోచించింది. ప్రశ్నను గౌరవించే టీచరు ఆలోచించినట్టే ఆలోచించింది.

"లగ్తా హై" అంది. "ముఝే లగా హై." పడుతుంది. నాకు పట్టింది.

గది పగలబడి నవ్వింది. ఆమె చిరునవ్వు నవ్వి కొనసాగించింది. తన తండ్రి చెవులకు పట్టిందనీ, ఆయన నుంచి తనకు వచ్చిందనీ, ఇనుముకైతే రంగు వేస్తే ఆగుతుందనీ, తనకు తగ్గ రంగు ఇంకా ఎవరూ కనిపెట్టలేదనీ చెప్పింది. అంతా పాఠం చెప్పే గొంతుతోనే. నవ్వు తగ్గిపోయింది. ప్రశ్న అడిగిన పిల్ల కూర్చోవాలో నిలబడాలో తెలియక నిలబడే ఉంది. పరీక్షకుడు వంగి రాస్తున్నారు.

నేను వెనక నుంచి పెదాలతో అందించబోయాను: భాప్, భాప్. ఆమె నన్ను చూసి తల ఊపింది. అవును, అదే కదా చెప్పాను, అన్నట్టు. నా పెదాల మీద కూడా అది బాప్ అనే కనిపించింది. అప్పుడు నేను చేత్తో గిన్నె ఆకారం చూపించి, పైకి పొగలు లేస్తున్నట్టు వేళ్లు కదిపాను. ఆమె చూసింది. నవ్వు ఆమె పెదాల మీదే ఉండిపోయింది గానీ, దాని వెనక మనిషి వెళ్లిపోయింది.

ప్రశ్న అడిగిన పిల్ల వైపు తిరిగి, "ఆవిరితో కూడా పడుతుంది, బాగా అడిగావు" అని సరిగ్గా వివరించింది. పాఠం ముగించింది. ఎవరూ వినిపించుకోలేదు.

ఆమెను ఉత్తీర్ణురాలిని చెయ్యలేదు. పిల్లల ప్రశ్న అందుకోలేకపోయిందన్నది కారణం. నేను విభాగాధిపతి గదికి వెళ్లాను, ఒక్కసారి కాదు. నా వాదన సూటిగా ఉంది. పెదాలు చదివే వ్యక్తి గదిలో లైటు ఆర్పడం, వినగల వ్యక్తి చెవులు మూసి పరీక్షించడంతో సమానం. లైటు ఆర్పించింది పరీక్షకుడు. కాబట్టి వైఫల్యం పరీక్షది. ఆయన కలం టేబుల్ మీద పెట్టి అన్నారు: "బేటా, నీ తర్కం బాగుంది. కానీ రేపు ఏ స్కూల్లోనైనా కరెంటు పోతే?"

"కరెంటు పోతే ప్రొజెక్టరు మీద పాఠం చెప్పే వాళ్లందరూ ఆగిపోతారు సర్. వాళ్లను ఫెయిల్ చేస్తారా?"

ఆయన కలం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. కొన్ని రోజుల తర్వాత పిలిచి చెప్పారు: మరొక పాఠానికి అవకాశం ఇస్తాం, లైట్లు వేసే ఉంచుతాం. నేను గెలిచాను. నా జీవితంలో గెలిచిన వాదనలన్నిటిలోకీ పెద్దది.

ఆ సాయంత్రమే చరోదా వెళ్లాను. దారిలో గాలివాన. కాలనీ చేరేసరికి కరెంటు పోయింది. ఆకాశం మబ్బుతో నల్లగా ఉంది. గుమ్మంలో ఆమె నీడలాగా నిలబడి ఉంది. నేను ఆయాసంతో చెప్పేశాను, రెండుసార్లు చెప్పాను. నీడ కదల్లేదు.

"ఎవులు? డిబేటా? ఎలుతురు లేదు. ఏటీ తెల్డం లేదు."

ఫోను తీసి, దాని వెలుగు నా ముఖం మీద వేసుకుని మళ్లీ చెప్పాను. ఆమె ముందు నవ్వింది. "దెయ్యంలాగున్నావు." తర్వాత చదివింది. నవ్వు ఆగింది.

"లైటు ఆర్పినారు కాబట్టి తెలీలేదని సెప్పావా?"

"అవును. అది నిజం కదా."

"కాదు. తెర ఎలుతురు ఆ పిల్ల మొకం మీదే పడింది. మూతి సాఫ్‌గా కనబడింది నాకు. లైటున్నా అది బాప్ అనే ఉంటాది డిబేటూ. ట్యూబులైటు కాదు, సూర్యుణ్ణి తెచ్చి పెట్టు. బాప్ అనే ఉంటాది."

"అయితే మళ్లీ అడగమనొచ్చు. చెవులున్న టీచర్లు కూడా అడుగుతారు. అది తప్పు కాదు."

"అనుమానమొస్తే అడుగుతాను. నాకు అనుమానం రానేదు." గొంతు ఎంత పెరుగుతోందో ఆమెకు తెలియదు. "అదీ నా బయం. ఆ పిల్ల నా గురించే అడిగిందనుకున్నాను. ఇన్నాళ్లకి ఎవులో అడిగినారనుకున్నాను. ఎంత బాగా సెప్పానో! అలాగ ఇంకెన్నిటికి ఎన్ని జవాబులు సెప్పేసుంటానో. మీరందరూ మర్యాదకి తలూపేసుంటారు. నువ్వు కూడా."

లోపలి చీకట్లోంచి ఆమె తండ్రి గొంతు వచ్చింది. "ఎవులొచ్చినారే? ఏటంటన్నారు?" ఆయనకు ఎవరూ కనపడటం లేదు. జవాబు చెప్పినా తెలియదు. మళ్లీ అడిగాడు. మళ్లీ.

నేను చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ప్రశ్నలు రాయించుకోవచ్చు. ప్రతి ప్రశ్ననూ పిల్లల చేత బోర్డు మీద పెట్టించవచ్చు. తప్పు వినడం టీచరు అర్హతను రద్దు చేస్తే దేశంలో బడులే ఉండవు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పిల్ల అడగని ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబు ఆ గదిలో ఆ రోజు పలికిన మాటలన్నిటిలోకీ నిజమైనది. మొదటి అంశం మొదలుపెట్టాను. ఆమె నన్ను ఒక్కసారి చూసింది. కళ్లు మూసుకుంది.

నేను ఆపలేదు. రెండో అంశం చెప్పాను. మూడోది చెప్పాను. ఫోను వెలుగు నా ముఖం మీదే పట్టుకుని, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, పెదాలు పెద్దగా కదుపుతూ చెప్పాను. ఒక కన్ను తెరుస్తుందనీ, "ఏటో అన్నావా?" అంటుందనీ ఎదురుచూశాను.

అప్పుడు కరెంటు వచ్చింది. కాలనీ అంతా ఒక్క కేక. ముందు గదిలో ట్యూబులైటు రెండు మూడుసార్లు కొట్టుకుని వెలిగింది. వాళ్ల నాన్న గుమ్మంలోకి వచ్చాడు. నా మూతి వైపు చూశాడు, కూతురి ముఖం వైపు చూశాడు. వాన నీళ్లు చూరు మీంచి కారుతున్నాయి.

"లైటొచ్చింది కదమ్మా" అన్నాడు ఆమెతో. "సూడు."

ఆమె కళ్లు తెరవలేదు.